నెట్టుకు అవతలి మనిషి

టెన్నిస్ ఒక్కరు ఆడే ఆట కాదు. ఈ సంగతి తెలుసుకోవడానికి ఛాంపియన్ కానక్కరలేదు. కానీ నాకు మాత్రం ఛాంపియన్ అయ్యాకే అది ఒంటికి పట్టింది. కప్పు సంకలో పెట్టుకుని కరీంనగర్‌లో బస్సు దిగిన రోజు నుంచి నాతో ఆడే మనిషి లేకుండా పోయాడు. కప్పుదేముంది, కావాలంటే బజారులో ఎవరితోనైనా చేయించుకోవచ్చు. నెట్టుకు అవతల నిలబడి, నేను కొట్టిన బంతిని మళ్ళీ నా మీదికే తిప్పి కొట్టే మనిషిని ఎవరితో చేయించుకోను? నా సగం బతుకు ఆ ఒక్క మనిషిని వెతుక్కోవడంతోనే సరిపోయింది.

మా బాపు కరీంనగర్‌లో వకీలు. పోలీసు చర్య అయిన కొత్తలు అవి. ఆఫీసర్ల క్లబ్బులో ఒకే ఒక్క మట్టి కోర్టు ఉండేది. వారమంతా మగవాళ్ళది, ఒక్క సాయంత్రం మాత్రం ఆడవాళ్ళది. ఆ సాయంత్రం కోర్టు చుట్టూ కనాతు కట్టేవాళ్ళు. కనాతు అంటే శామియానాకు నాలుగు పక్కలా గోడలాగా కట్టే మందపాటి గుడ్డ. మగవాళ్ళంతా లోపలి గదిలోకి పోయి పేకాట ఆడుకునేవాళ్ళు. కనాతు లోపల జడ్జి సాబ్ బేగం, ఇంకో ఇద్దరు ముగ్గురు ఆఫీసర్ల భార్యలు, పరికిణీ ఎగదోపుకుని నేను. మేం బేగం వాళ్ళ పక్కింట్లో ఉండేవాళ్ళం. బంతులు ఏరడానికి పనికొస్తానని మొదటిసారి నన్ను తీసుకుపోయింది. నెల తిరక్కముందే రాకెట్ చేతికిచ్చింది.

"ఏంది బిడ్డా, జల్లెడ పట్టుకొని బజాట్ల పడ్డవ్?" అని మా అవ్వ, అంటే అమ్మ, వెక్కిరించేది. అయినా ఆపలేదు. బేగం అంటే అవ్వకు గురి.

కనాతు లోపల ఆటకు వేరే మర్యాదలుండేవి. అన్నిటికంటే పెద్ద మర్యాద, గొంతు బయటికి వినపడకూడదు. "నవ్వినా లోపల్నే, ఏడ్చినా లోపల్నే" అనేది బేగం, ఉర్దూలో. అందుకని పాయింట్లు నోటితో చెప్పేవాళ్ళం కాదు. చెరొక ఇత్తడి పళ్ళెం ఉండేది. పాయింటు గెలిచినప్పుడల్లా అందులో ఒక చింతగింజ వేసుకోవాలి. 'ఔట్' అని అరవడం అసలే లేదు. ఎవరు కొట్టిన బంతి గీత దాటిందో వాళ్ళే రాకెట్ పైకెత్తి ఒప్పుకోవాలి. ఎత్తలేదా, బంతి మంచిదే. అవతలి మనిషి దాని వెంట ఉరకాల్సిందే. బేగం చాలా నిజాయితీపరురాలు. సున్నం గీతకు వెంట్రుకవాసి బయట పడినా రాకెట్ లేపేది. టెన్నిస్ అంటే లోకమంతా ఇట్లాగే ఆడతారనుకున్నాను నేను. కాదని చెప్పడానికి ఇంకొక టెన్నిస్ చూస్తే గదా.

కొన్నేళ్ళకు జడ్జి సాబ్ నౌకరీ పోయింది. వాళ్ళ చుట్టాలంతా అప్పటికే కరాచీకి వెళ్ళిపోయారు. వీళ్ళూ సామాను సర్దుకున్నారు. పోయే ముందు బేగం తన రెండో రాకెట్ నా చేతిలో పెట్టి, "నీతోని ఆడెటోళ్ళు ఎవరన్న దొరికితే ఇయ్యి బేటీ" అన్నది. నేను దాన్ని గోడకు తగిలించి ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. బేగం పోయాక కనాతు కట్టడమూ మానేశారు, మిగిలిన ఆడవాళ్ళు రావడమూ మానేశారు. కాలం మారింది, పరదాలు పోయాయి అని బాపు సంతోషపడ్డాడు. పరదాతో పాటు ఆటా పోయిందని నేను ఏడ్చాను.

అప్పుడు మగవాళ్ళే నాతో కొద్దికొద్దిగా ఆడారు. సర్కారు దవాఖానా డాక్టరు ఒకాయన, ఆబ్కారీ ఆఫీసరు ఒకాయన. చిన్నపిల్ల గదా అని నవ్వుకుంటూ ఆడేవాళ్ళు. ఓడినా నవ్వేవాళ్ళు, ఎందుకంటే పిల్ల చేతిలో ఓడితే అది ఓటమి కిందికి రాదు. డాక్టరే బాపుతో అన్నాడు: "వకీల్ సాబ్, గీ పిల్లను పట్నం తీస్కపోండ్రి. ఇక్కడ ఉంటె ఖరాబైతది."

బాపు ఏదో కేసు పని పెట్టుకుని నన్ను హైదరాబాద్ తీసుకుపోయాడు. రాష్ట్రం పోటీలు. మొదటి ఆటలో నా అవతల ఒక నవాబుల ఇంటి పిల్ల, తెల్లటి పొట్టి గౌనులో. ఆమె కొట్టిన బంతి గీత దాటి మూరెడు దూరంలో పడింది. నేను ఆమె రాకెట్ వంక చూశాను. ఎత్తలేదు. సరే మంచిదే కాబోలనుకుని ఉరికిపోయి తిప్పి కొట్టాను. ఆమె వింతగా చూసి దాన్ని ఇంకో మూలకు కొట్టి పాయింటు తీసుకుంది. నా బంతి గీత దాటితే మాత్రం ఎవరూ అడగకముందే నేను రాకెట్ ఎత్తేదాన్ని. ఆట అంతా ఇదే తంతు. ఆమెవి ఔటయినవన్నీ ఆడి పోగొట్టుకున్నాను, నావి ఔటయినవన్నీ ఒప్పుకుని పోగొట్టుకున్నాను. నోరు మెదపకపోయేసరికి ఆ పిల్ల తల్లి పక్కావిడను అడిగింది: "బిచారీ గూంగీ హై క్యా?" మూగదా పాపం, అని.

ఓడిన తర్వాత పోటీలు నడిపే పెద్దమనిషి నన్ను పిలిచి నెమ్మదిగా చెప్పాడు. మొదటి ఆటలకు అంపైరు ఉండడు, నీ వైపు పడ్డ బంతికి ఔట్ అని నువ్వే చెప్పుకోవాలి, అవతలివాళ్ళు చెప్పరు అని. సిగ్గుతో చచ్చిపోయాను. తిరుగు దారిలో బస్సు ఒకచోట ఆగింది. అక్కడ చాయ్ తాగుతూ బాపు అన్నాడు, "బేగం నీకు ఇమాన్, నిజాయితి నేర్పింది, ఆట నువ్వు నేర్సుకో." ఆ పెద్దమనిషి చెప్పింది చెవికెక్కింది గాని కాళ్ళకు ఎక్కలేదు. ఆ తర్వాత ఎన్నేళ్ళు ఆడినా అంతే. గీత బయట పడే బంతి వెంట కూడా నా కాళ్ళు వాటంతటవే ఉరికేవి. చివరికి అదే నా బలమైంది. లోకంలో ఎవరూ వెళ్ళని బంతుల దగ్గరికి కూడా నేను వెళ్ళేదాన్ని. అవతలివాళ్ళు విసిగిపోయేవాళ్ళు. అట్లా విసిగించి విసిగించి ఒక ఏడాది అందరినీ ఓడించాను.

కరీంనగర్ బస్‌స్టాండ్‌లో పూలదండ వేశారు. క్లబ్బులో మిఠాయి పంచారు. మర్నాడు సాయంత్రం రాకెట్ పట్టుకుని పోతే డాక్టరు కుర్చీలోంచి లేవలేదు.

"ఛాంపియన్‌తోని మేమేం ఆడుతం బిడ్డా? నవ్వుతరు" అన్నాడు. ఆబ్కారీ ఆయన చెయ్యి బెణికిందన్నాడు. ఇంకొకాయనకు దావత్ ఉందట. నిన్నటిదాకా చిన్నపిల్లను. ఒక్క కప్పుతో పెద్దదాన్నయ్యాను.

వారం రోజులు నన్ను చూసి చూసి, ఒక సాయంత్రం బాపు ధోవతి ఎగ్గట్టి, బేగం రాకెట్ గోడమీంచి తీసుకుని కోర్టులోకి వచ్చాడు. ఆయన పేకాట తప్ప ఏ ఆటా ఎరగడు. నేను మెల్లగా బంతి వేస్తే చీపురు తిప్పినట్టు తిప్పాడు. తగల్లేదు. మళ్ళీ వేశాను. ఈసారి తగిలి క్లబ్బు పెంకుల మీద పడింది. అయినా ఉరికాడు. రొప్పుతూ ఉరికాడు. చెమటకు అంగీ వీపుకు అంటుకుపోయింది. చివరికి నెట్టు పట్టుకుని నిలబడి, "నేను సాలనా బిడ్డా?" అని అడిగాడు.

"సాలవు బాపు" అన్నాను.

ఒక అబద్ధం ఆడితే పోయేది. కానీ ఆట దగ్గర నాకు అబద్ధం రాదు. బాపు నొచ్చుకోలేదు. మొఖం తుడుచుకుని, "అట్లైతే టెన్నిస్ ఆడేటోన్ని తెస్త" అన్నాడు. అన్నట్టే తెచ్చాడు.

పెళ్ళికొడుకు ఆదిలాబాద్‌లో రోడ్ల ఇంజనీరు. పెళ్ళిచూపుల్లో నేను ఆయన మొఖం చూడలేదు, సిగ్గుతో కాదు. ఆయన కుడి మణికట్టు చూస్తూ కూర్చున్నాను. గట్టిగానే ఉంది. "కాలేజీల ఉన్నప్పుడు మస్తు ఆడిన" అన్నాడు. "ఛాంపియన్‌తోని రోజు ఆడొచ్చంటే ఇంక నాకేం గావాలె?" ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. వేరే పిల్లలు మొగుడి కోసం ఎదురుచూస్తారు. నేను ఎదురుచూసింది నెట్టుకు అవతలి మనిషి కోసం.

ఆదిలాబాద్ క్లబ్బు కోర్టులో మొదటి సాయంత్రం వరండా నిండా జనం. కొత్త జంట ఆట చూడాలని ఆఫీసర్లు, వాళ్ళ భార్యలు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆయన ఆట మరీ తీసిపారేసేది కాదు. కానీ గట్టిగా కొడతాడు, బంతి గీత దాటుతుంది. దాటిన ప్రతి బంతి వెంటా నా పాడు కాళ్ళు ఉరికాయి. దాటినదాన్ని కూడా తిప్పి కొట్టాను. పాయింటు అయిపోయిందనుకుని ఆయన బంతి తీసుకోవడానికి వంగేవాడు, అది వచ్చి ఆయన కాళ్ళ దగ్గర పడేది. వరండాలో ఒకాయన పెద్దగా అన్నాడు: "ఇంజనీర్ సాబ్, మీ ఔట్లు గూడ వాపస్ వస్తున్నయ్!" అందరూ ఒక్కసారి నవ్వారు. ఆయనకు ఒక్క గేమూ రాలేదు.

ఇంటికి పోయే దారిలో ఆయన ఒక్క మాటే అన్నాడు. "గీత బయట కొడితే ఎట్లాగు పాయింట్ నీదే గదా. గదన్న ఇడిశిపెట్టరాదు?"

కనాతు గురించీ బేగం గురించీ చెప్పాను. విన్నాడు, తల ఊపాడు. మర్నాడు మోకాలు నొప్పి అన్నాడు. ఆ మరుసటి వారం ఇచ్చోడ దగ్గర రోడ్డు పని ఉందన్నాడు. రాకెట్ వంకర పోకుండా చెక్క చట్రం బిగించి అటకెక్కించాడు. ఆయన చెడ్డవాడు కాదు. నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఇంటికి ఎవరొచ్చినా నా కప్పులు తీసి చూపించి, ఏది ఎక్కడ గెలిచానో నాకంటే బాగా చెప్పేవాడు. ఆడమంటే మాత్రం ఆడడు.

పుట్టింటికి పోయినప్పుడు అవ్వ ముందు ఏడ్చాను. "జర ఓడిపోరాదు బిడ్డా? మొగడే గదా, పరాయోడా?" అన్నది అవ్వ. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆకలి అంతకంటే పెద్దది. తిరిగొచ్చి ఆయన్ను బతిమాలి కోర్టుకు తీసుకుపోయాను. రెండు బంతులు కావాలని నెట్టుకు కొట్టాను. మూడోది కొట్టేసరికి ఆయన రాకెట్ కింద పెట్టాడు.

"నాకు బిచ్చం ఎయ్యకు" అన్నాడు. అంతే. ఆ తర్వాత నేనూ అడగలేదు. అడగకపోయినా ప్రతి సాయంత్రం ఆయన జీపు చప్పుడు వినగానే ఇవాళ రాకెట్ దించమంటాడేమోనని చూసేదాన్ని.

ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగు మిల్లులకు కొదువ లేదు. మా ఇంటి వెనక ఒకటి ఉండేది. దాని గోడ ఎత్తుగా, నున్నగా ఉండేది. పత్తి రాని నెలల్లో మిల్లు మూసి ఉండేది. నేను ఆ గోడతో ఆడుకున్నాను. ఏళ్ళ తరబడి ఆడాను, పిల్లలు పుట్టాక కూడా. గోడ ఎప్పుడూ అలసిపోదు, మోకాలు నొప్పి అనదు, ఓడిపోయానని అలగదు. కానీ గోడకు ఎత్తు వేయడం రాదు. నేను ఎటు కొట్టానో అటునుంచే తిరిగొస్తుంది. నా బుద్ధి నాకే తిరిగొస్తుంటే ఎంతసేపని ఆడను? ఒక్కోరోజు కోపం వచ్చి గోడను తిట్టేదాన్ని. మిల్లు కావలి ముసలాయన మరాఠీ కలిపి మాట్లాడేవాడు. "కాయ్ బాయీ, ఎవ్వల మీద గంత రాగం?" అని అడిగాడొకసారి; రాగం అంటే మరాఠీలో కోపం. ఎవరి మీదని చెప్పను? ఎవరూ లేనిదానికే కదా కోపం.

మందమర్రి బొగ్గుగనుల ఆఫీసర్ల కాలనీలో ఒకావిడ టెన్నిస్ ఆడుతుందని ఎవరో చెప్పారు. ఆ మాట విన్నాక ఇంట్లో కాలు నిలవలేదు. పిల్లలను పక్కింట్లో అప్పజెప్పి, రెండు బస్సులు మారి, దుమ్ము కొట్టుకుని, రెండు రాకెట్లు మోసుకుని పోయాను. ఆమె ఎంతో ఆదరంగా అన్నం పెట్టింది. వాళ్ళ ఊరి ముచ్చట్లన్నీ చెప్పింది. సాయంత్రం చల్లబడ్డాక "పాండ్రి ఆడుదం" అని లోపలికి పోయి రబ్బరు రింగు తెచ్చింది. చేత్తో విసిరి చేత్తో పట్టుకునే రింగు ఆట. దాన్నీ టెన్నిస్ అనే అంటారు వాళ్ళు. నా రాకెట్లు చూసి, "గివి దేనికి?" అన్నది. ఏం చేస్తాను, చీకటి పడేదాకా రింగు విసిరాను. తిరుగు బస్సులో నవ్వుకున్నాను, ఆ నవ్వు ఇల్లు చేరేదాకా నిలవలేదు.

ఏడాదికొకసారి హైదరాబాద్ పోటీలుండేవి. అప్పుడు మాత్రం నాకు మనుషులు దొరికేవాళ్ళు. రాష్ట్రాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యాక కోస్తా నుంచి కూడా వచ్చేవాళ్ళు. నేను గెలవడానికి పోతానని అందరూ అనుకునేవాళ్ళు. నేను ఆడడానికి పోయేదాన్ని. గెలిస్తే ఇంకో రోజు ఉండొచ్చు, ఇంకొకరితో ఆడొచ్చు. అందుకే గెలిచేదాన్ని. పేపరువాళ్ళు నాకు పట్టుదల ఎక్కువని రాశారు. పట్టుదలా పాడా, అది ఆకలి.

నాకు ముప్పై దాటాక ఒక ఏడాది ఫైనల్లో కోస్తా నుంచి వచ్చిన కాలేజీ పిల్ల ఎదురైంది. మొదటి రెండు బంతులతోనే తెలిసిపోయింది. నేను మూలకు కొడితే ఆ పిల్ల అప్పటికే అక్కడ ఉంది. నేను ముందుకు లాగితే నవ్వుతూ ముందుకొచ్చి నా తలమీంచి వేసింది. నా మనసులో ఏముందో చదువుతోంది. ఆమె మనసులోది నేను చదువుతున్నాను. అన్నేళ్ళలో ఎవరితోనూ అంతసేపు అంత బాగా మాట్లాడలేదు నేను. ఒక్క అక్షరం నోటితో పలక్కుండా రెండు గంటలు మాట్లాడుకున్నాం. చివరి సెట్టులో నేను ఓడాను. నా కళ్ళల్లో నీళ్ళు చూసి నిర్వాహకులు ఓదార్చారు. వాళ్ళకేం తెలుసు. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "ఇంకొక్క సెట్టు ఆడుదమా? ఊరికెనే, పాయింట్లు వద్దు" అన్నాను.

"అయ్యో, నాకు ట్రైనుందండీ" అంది. సంచీ భుజాన వేసుకుని పరుగెత్తింది.

ఆదిలాబాద్‌లో ఆయన బస్సు దగ్గరికి వచ్చాడు. ఓడినట్టు అప్పటికే పేపర్లో చదివాడు. నా పెట్టె తనే మోశాడు. నాలుగు రోజులు నన్ను కనిపెట్టుకుని తిరిగాడు. అయిదో రోజు సాయంత్రం జీపు దిగి, అటక మీంచి తన రాకెట్ దించాడు. నేను హైదరాబాద్‌లో ఉన్నప్పుడే దానికి కొత్త తీగలు వేయించాడట. తెల్లబూట్లకు సుద్ద పూసుకున్నాడు. జుట్టు అప్పటికే చెవుల దగ్గర నెరిసింది.

"పా, ఆడుదాం" అన్నాడు. "ఇప్పుడన్న నాతోని ఆడుతవా?"

పదేళ్ళకు పైగా నేను ఆడననుకున్నాడా ఆయన? నేను ఓడేదాకా ఆగాడా? కోపంతో రానందామనుకున్నాను. కానీ ఆయన మొఖం చూస్తే కొత్తపెళ్ళికొడుకు మొఖం. లేచి రాకెట్ తీసుకున్నాను.

కోర్టులో నాలుగు బంతులు కొట్టేసరికి తెలిసింది, ఆయన ఆట అణువంత కూడా మారలేదు. అదే గట్టిగా కొట్టడం, అదే గీత దాటడం. కానీ నేను ఒక బంతి అందుకోలేకపోతే, "వయసు మీద పడ్డదే నీకు!" అని ఎంత సంతోషంగా నవ్వాడో. ఈసారి బిచ్చం అనలేదు. అనుమానం ఎందుకొస్తుంది, నేను ఓడానని పేపర్లో పడ్డది గదా. అప్పుడు నిర్ణయించుకున్నాను. నెట్టుకు కొట్టలేదు. ఆ తప్పు ఒకసారి చేశాను. ఈసారి ప్రతి బంతికీ ఒక్క అర అడుగు ఆలస్యంగా చేరాను. రొప్పాను, నడుం పట్టుకున్నాను, మళ్ళీ ఉరికాను. ఆయన గెలిచాడు. నెట్టు దగ్గరికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మనసుల పెట్టుకోకు" అన్నాడు. "రేపు గూడ ఆడుదాం."

ఆ రేపు నుంచి రోజూ ఆడాం. వాన కురిసిన రోజు తప్ప ఏ రోజూ తప్పలేదు. ఎప్పుడన్నా ఒక గేము నేను తీసుకునేదాన్ని, ఆయనకు అనుమానం రాకుండా. క్లబ్బులో కొత్తగా పెళ్ళయిన వాళ్ళకు మమ్మల్ని చూపించి, జోడి అంటే గిట్లుండాలె అనేవాళ్ళు. ఆయన ఒళ్ళు తేలికపడింది, నిద్ర బాగా పట్టేది. బంతి వేసే ముందు ఆయన నెట్టు మీదుగా నా వైపు చూసి నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. అంత దగ్గరగా ఆయన నిలబడి ఉన్నా, ఇవాళైనా ఎవరైనా ఆడడానికి వస్తారేమోనని నేను గేటు వైపు చూసేదాన్ని.